ఎలుకఫ్లీ టైఫస్ జ్వరము: దాని వ్యాప్తియు, గుర్తింపును

(మునిసిపల్, తాలూకా ఉద్యోగుల యుపయోగార్థము, భిలాయి ఉక్కునగరము ఉదాహరణముగా)

1. ఉపోద్ఘాతము

జ్వరములు రెండు తెఱగులు. ఊరిని గడగడలాడించి తన రాకను తానే చాటుకొనునది యొకటి. ఇతర జ్వరముల గుంపున దూరి, వాని లెక్కలోనే చేరి, తన పేరు చెప్పకయే పోవునది రెండవది. ఎలుకల యొడలిమీద బ్రదుకు ఫ్లీ పురుగుల మూలమున మనుష్యులకు సంక్రమించు టైఫస్ జ్వరము ఈ రెండవ తెగకు చెందినది. దీనిచే చచ్చువారు కొలదిమందియే యగుటచేత దీనిని అల్పముగా నెంచుట వాడుక. కాని చికిత్స సులభమును, మందు చవుకయు నైన వ్యాధిచేత ఒక్కడు మరణించినను, ఆ మరణము వ్యాధివలన గాక మన యేమఱుపాటువలన గలిగినదని చెప్పవలసియుండును.

ఈ పాఠమున ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. ప్లేగువలె ఈ వ్యాధి ఎలుకలను చంపదు. కావున ఎలుకలవలన మనకు ముందస్తు హెచ్చరిక యేదియు రాదు. హెచ్చరిక రావలసినది ఉద్యోగి చేతనున్న జ్వరముల రిజిస్టరునుండియే. ఆ రిజిస్టరునందు ఏమి వ్రాయవలెను, ఎట్లు చదువవలెను అను సంగతులను తెలుపుటకే తక్కిన విషయములు చెప్పబడును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దుర్గ్ జిల్లాయందలి భిలాయి ఉదాహరణముగా గైకొనబడినది. అచ్చట పారిశ్రామిక పట్టణము, ధాన్యపు సీమ, పలు పరిపాలనములు ఒక్కచోట కలిసియుండుటయే దీనికి కారణము.

2. పేర్లను గూర్చి

ఈ పంక్తులు వ్రాయువాడు వైద్యుడు గాడు, వైద్యశాఖలో అనువాదకుడు. కొన్ని సంవత్సరములకు పూర్వము ఒక సర్క్యులరును తెనిగించుచు, టైఫస్ అని యుండవలసినచోట పొరపాటున టైఫాయిడ్ అని వ్రాసితిని. చిత్తుప్రతిని చూచిన వైద్యుడొకరు ఆ మాటను ఎఱ్ఱసిరాతో దిద్ది, "మీరు వ్రాసినట్లే జరిగినయెడల ఊరివారు నీళ్లు కాచుకొని త్రాగుదురు, ఎలుకలు మాత్రము సుఖముగా నుండును" అనిరి. ఆ మాట నేటికిని మఱవలేదు.

రెండు పేర్లును పొగ, మైకము అను నర్థమిచ్చు ఒక్క గ్రీకు మాటనుండియే పుట్టినవి. 1837వ సంవత్సరమున ఫిలడెల్ఫియా నగరమున గెర్‌హార్డ్ అను వైద్యుడు ఈ రెండును వేర్వేఱు రోగములని స్పష్టముగా నిరూపించువఱకు వైద్యులు సయితము వీనిని కలిపివేయుచుండిరి. టైఫాయిడ్ మలినమైన నీటివలనను, ఆహారమువలనను వచ్చును. టైఫస్ పురుగులవలన వచ్చును. మొదటిదానికి ఇచ్చు మందులలో పెక్కులు రెండవదానికి పనిచేయవు. కావున కాగితముమీద ఒక్క మాట తప్పిన యెడల చికిత్సయు, నివారణయు రెండును తప్పును.

టైఫస్ అను పేరునను మూడు జాతులు గలవు. చీరపేలవలన వ్యాపించునది మహమ్మారి టైఫస్; యుద్ధములందును, కఱవులందును సైన్యములను, చెఱసాలలను పాడుచేసినది ఇదియే. దీనిని పేలు మోయునని 1909లో ట్యూనిస్ నగరమున నికోల్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. పొదలయందలి మైట్ అను అతిసూక్ష్మజీవి పిల్లలు కుట్టుటవలన వచ్చునది స్క్రబ్ టైఫస్. ఎలుకల ఫ్లీ పురుగువలన వచ్చునది మూడవది. ఈ పాఠమునకు విషయమైనది ఇదియే. దీనికి మ్యూరైన్ టైఫస్ అనియు పేరు.

ఫ్లీ అను పురుగునకు తెలుగున అన్ని సీమలయందును చెల్లు పేరు లేదు. గోమారి, పిడుదు అను మాటలను కొందఱు దీనికి వాడుదురు గాని, అవి పశువుల చెవులను, పొదుగులను పట్టి వ్రేలాడు వేఱొక పురుగునకు చెల్లు పేర్లు. ఆ పురుగునకు ఎనిమిది కాళ్లు, అది ఎగురలేదు. ఫ్లీకి ఆఱు కాళ్లు, ఱెక్కలు లేవు, ఇరుప్రక్కల అదిమినట్లు పలుచని యొడలు, నువ్వుగింజయంతయో, అంతకంటె చిన్నదియో యుండి, కాలిమీదినుండి గంతువేయును. "పురుగు కుట్టినది" అని మాత్రము రోగి చెప్పినపుడు, ఎగిరినదా, పట్టుకొని యుండినదా అని యడిగి వ్రాసికొనుట మేలు.

3. వ్యాధి కారణము, సంక్రమణ విధము

ఈ వ్యాధికి మూలము రికెట్సియా టైఫీ అను సూక్ష్మజీవి. టైఫస్‌ను పరిశోధించుచు అదే వ్యాధి సోకి 1910లో మెక్సికోయందు మరణించిన రికెట్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుని స్మరణార్థము ఈ జాతి జీవులకు ఆ పేరు పెట్టబడినది. ఇవి ఇతర జీవుల కణములలోపలనే పెరుగగలవు.

ఇంటికప్పుల యందు తిరుగు నల్లయెలుక, కలుగులు త్రవ్వి మురుగు కాలువలయందు వసించు పెద్ద యెలుక, వీనికి తోడు పందికొక్కు, చుంచు మొదలగు జంతువులు ఈ సూక్ష్మజీవికిని, దానిని మోయు పురుగులకును ఆశ్రయములు కాగలవు. ఎలుకనుండి ఎలుకకును, ఎలుకనుండి మనుష్యునికిని దీనిని చేర్చు ముఖ్యమైన పురుగు జెనాప్సిల్లా కియోపిస్ అను ఎలుకఫ్లీ. సూక్ష్మజీవి సోకిన ఎలుక రక్తమును త్రాగిన ఫ్లీ కడుపులో అది వృద్ధిపొంది, దాని మలముతో బయటపడును. ఆ ఫ్లీ చావదు. బ్రదికినంతకాలము వ్యాధిని మోయుచునే యుండును.

మనుష్యునికి వ్యాధి సోకుట ప్రధానముగా పురుగు కాటువలన గాదని ఎఱుంగవలెను. పురుగు కుట్టిన చోట దురద పుట్టగా మనుష్యుడు గోకికొనును. ఆ సమయమున చర్మముమీద పడియున్న పురుగు మలము గీతలగుండ లోనికి ప్రవేశించును. ఆ వ్రేళ్లతోనే కన్ను నలుపుకొనినచో కంటిపొరగుండను ప్రవేశింపవచ్చును. పురుగుమలము ఎండి ధూళియై గాలితో ముక్కులోనికి పోయినను వ్యాధి సోకవచ్చును. కావున మూసియున్న గోదామును తెఱచి పొడిచీపురుతో ఊడ్చుట, పాతగోనెసంచులను దులుపుట అను పనులు అపాయకరములు. రోగినుండి మఱియొకనికి ఈ వ్యాధి నేరుగా అంటదు. కావున రోగిని వెలివేయుటయు, అతని ఇంటికి తాళము వేయుటయు నిరర్థకములు.

4. ప్లేగునకును దీనికిని భేదము

ఎలుకఫ్లీ అనగానే పాతరికార్డులు చదివినవారికి ప్లేగు జ్ఞప్తికి వచ్చును. 1896లో బొంబాయియందు ప్లేగు ప్రబలిన పిదప, ఎలుకఫ్లీ ఆ వ్యాధిని మోయునని 1898లో కరాచీయందు సీమాన్ అను ఫ్రెంచి వైద్యుడు ప్రయోగపూర్వకముగా చూపెను. నాటినుండి ఎలుకలు రాలుట అనునది మున్సబునకును, కరణమునకును తెలిసిన అపాయచిహ్నమయ్యెను. గ్రామాధికారులు ఎలుకలు చచ్చిపడిన వెంటనే వర్తమానము పంపుచుండిరి. ఇండ్లు ఖాళీ చేయించుచుండిరి.

టైఫస్ విషయమున ఈ చిహ్నము లేదు. ఇది సోకిన ఎలుక చావదు. తిరుగును, తినును, పిల్లలను పెట్టును. దానిమీది ఫ్లీయును చావదు. కావున "ఎలుకలేవియు చచ్చిపడలేదు, భయములేదు" అని తహసీలుకు రిపోర్టు వ్రాయుట ఈ వ్యాధియెడల అర్థము లేని మాట. ఎలుకలు ఆరోగ్యముగా కనబడుటయే ఈ వ్యాధికి అనుకూలమైన స్థితి.

5. పనిచేయు చోటును వ్రాసికొనుటవలన తెలిసిన రహస్యము

ఈ జ్వరమునకు ఎలుకలతో గల సంబంధము కనుగొనబడిన విధము స్థానికోద్యోగులు తప్పక తెలిసికొనదగినది. 1920 దశకమున అమెరికా దక్షిణ సంస్థానములయందు టైఫస్ వంటి జ్వరము కానవచ్చుచుండెను. చీరపేలు లేని ఇండ్లయందును అది వచ్చుచుండుటచేత కారణము తెలియరాలేదు. కెన్నెత్ మాక్సీ అను ఆరోగ్యశాఖ వైద్యుడు అలబామా సంస్థానమందలి మాంట్‌గామరీ నగరపు పటమును ముందిడుకొని, ప్రతి రోగి నివసించు ఇంటి దగ్గఱ ఒక్కొక్క చుక్క పెట్టెను. చుక్కలు ఊరంతయు చెదరియుండెను. వానివలన ఏమియు బోధపడలేదు. అంతట అతడు అదే రోగులు పనిచేయు చోటులందు చుక్కలు పెట్టెను. అవి అంగడివీధుల నడుమ గుంపుగూడెను. కిరాణా దుకాణములు, దాణా కొట్లు, భోజనశాలలు గల స్థలమది, ఎలుకలకు నిలయము.

దీనిని బట్టి ఎలుకలవంటి జంతువులే ఈ వ్యాధికి మూలమనియు, వానిమీది పురుగులే దీనిని మోయుచుండవచ్చుననియు 1926లో మాక్సీ ప్రకటించెను. మెక్సికోయందు మూసర్ అను శాస్త్రజ్ఞుడు 1928లో ఈ జాతి టైఫస్‌నకును పేల టైఫస్‌నకును గల భేదమును చూపెను. 1931లో డయ్యర్ మొదలగువారు బాల్టిమోర్ నగరమున పట్టిన ఎలుకల ఫ్లీలనుండియే ఈ సూక్ష్మజీవిని వేఱుచేసిరి. మాక్సీ ఊహ నిజమయ్యెను. ఆ దేశమున 1944లో అయిదువేలకు పైగా రోగులు లెక్కకు రాగా, ఎలుకదారులయందు డి.డి.టి. పొడి చల్లి, పిదప ఎలుకలను తగ్గించుటచేత, తరువాతి పది పదునైదేండ్లలో ఆ సంఖ్య ఏటికి నూఱులోపునకు దిగెను. ఐనను వ్యాధి నశింపలేదు. 2018లో లాస్ ఏంజిలిస్ నగరము నడిబొడ్డున అది మరల గుంపుగా కనబడెను.

మాక్సీ తొలిరహస్యమును ఛేదించినది పరిశోధనశాలయందు గాదు, పటముమీద. అట్టి పటమును గీయుటకు కావలసిన సంగతులు మునిసిపల్ ఆఫీసులోనే యుండును, వ్రాసికొన్నయెడల.

6. మనదేశమున ఈ వ్యాధి

ఇది పరదేశపు జ్వరమని అనుకొనరాదు. సిమ్లా కొండలలోని టైఫస్ జ్వరములను గూర్చి 1930 దశకమున కోవెల్ అను మిలిటరీ వైద్యాధికారి పరిశోధనలు ప్రకటించెను. భారతదేశమందలి రికెట్సియా వ్యాధులను సమీక్షించిన గ్రంథములు, ఎలుకఫ్లీ టైఫస్ కనబడిన చోటులలో పూనా, లక్నో, మైసూరు, కలకత్తా, కర్నాల్, రేవాడీ, కాశ్మీరములతోపాటు మన గోల్కొండను పేర్కొనినవి. ఎత్తయిన కొండలు, రేవుపట్టణము, దక్కను పీఠభూమి, గంగామైదానము అను భేదములేక ఈ వ్యాధి కనబడినదని ఈ పట్టికయే చెప్పుచున్నది. ఎలుకయు, ధాన్యమును, జనమును కూడినచోటెల్ల ఇది యుండుటకు వీలుగలదు.

7. భిలాయి ఏల ఉదాహరణము?

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వములు కుదుర్చుకొనిన ఒడంబడికచేత భిలాయి ఉక్కు కర్మాగారమునకు పునాది పడెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి కొలిమిని ప్రారంభించిరి. దేశము నలుమూలలనుండి కార్మికులు వచ్చి చేరిరి. విజయనగరము, రాయగడ మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము ఉండుటచేత ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారును అనేకులు. నేటికిని అచ్చటి వాడలలో తెలుగు మాట వినవచ్చును.

సెక్టార్లుగా విభజింపబడిన ఉక్కునగరమున వెడల్పైన వీధులు, చెట్లు, వరుసతీర్చిన క్వార్టర్లు గలవు. దాని యంచుననే క్యాంపులనబడు పాత కార్మికవాడలు, పవర్‌హౌస్, సుపేలా మొదలగు చోటుల అంగళ్లు, లారీలు ఆగు దాబాలు, రైల్వేయార్డులు గలవు. చుట్టును ఛత్తీస్‌గఢ్ వరిసీమ. కోతలు ముగిసిన పిదప ప్రభుత్వము ధాన్యమును కొనుటచేత గోనెసంచుల కొండలు కేంద్రములయందును, గోదాములయందును, మిల్లులయందును పేర్చబడును. ఎలుకఫ్లీ పిల్లపురుగులు గింజల నూకను, ధూళిని తిని పెరుగును. కావున ధాన్యపు గోదాము ఎలుకకే కాదు, దాని పురుగునకును పుట్టినిల్లు.

ఇచ్చట రెండు చిక్కులు గలవు. మొదటిది, పనిచోటును నివాసమును వేఱగుట. సెక్టారు క్వార్టరులో నివసించు మనుష్యుడు రాత్రి షిఫ్టున క్యాంటీనులోనో, స్టోర్సులోనో పనిచేయవచ్చును. క్యాంపులో నివసించు హమాలీ దుర్గ్ గోదామున మూటలు మోయవచ్చును. జ్వరము వచ్చినపుడు ఇంటి చిరునామా మాత్రమే వ్రాసికొనినచో మాంట్‌గామరీయందు మొదటి పటమునకు పట్టిన గతియే మన రిజిస్టరునకును పట్టును. రెండవది, అధికారములు పెక్కు. ఉక్కునగరపు శుభ్రత కర్మాగారమువారి నగరసేవా విభాగమునది, వెలుపలి వాడలు భిలాయి, దుర్గ్, రిసాలి, భిలాయి-చరోదా కార్పొరేషనులవి, గ్రామములు తహసీలువి, రైల్వేస్థలము రైల్వేది. ఎలుకకు ఈ సరిహద్దులు తెలియవు. ఒకరు తమ సరిహద్దులో ఎలుకలను తఱిమినచో అవి మఱియొకరి సరిహద్దులో చేరును.

వీనికి తోడు, 2018వ సంవత్సరపు వర్షకాలమున భిలాయిలో డెంగ్యూ జ్వరము ప్రబలి పలువురు మరణించిరి. అట్టి దుఃఖానుభవము గల ఊరిలో వానకాలపు జ్వరమెల్ల మొదట డెంగ్యూగా కనబడుట సహజము. జాగ్రత్త మంచిదే, కాని డెంగ్యూ కానిది తేలిన పిదపను ఆ జ్వరమునకు పేరు వెదకుట మానరాదు.

8. గుర్తించు విధము

పురుగు సోకిన 1 లేక 2 వారములకు వ్యాధి బయటపడును. చలి, తీవ్రజ్వరము, పగిలిపోవునట్టి తలనొప్పి, కండరముల నొప్పులు, వాంతులు లేక వికారము మొదటి లక్షణములు. సుమారు 5వ దినమున రొమ్ముమీదను, కడుపుమీదను సన్నని ఎఱ్ఱని మచ్చలు లేచి చేతులకు, కాళ్లకు వ్యాపింపవచ్చును. అఱచేతులయందును, అఱికాళ్లయందును ఇవి సామాన్యముగా కనబడవు. చికిత్స లేనియెడల జ్వరము సుమారు 2 వారములుండును.

ఈ మచ్చలను నమ్ముకొనుటయే పెద్ద పొరపాటు. రోగులలో సుమారు సగముమందికే ఇవి కనబడును. చామనచాయ, నలుపు చర్మముమీద ఉన్నను తెలియవు. జ్వరము, తలనొప్పి, మచ్చలు అను మూడును కూడివచ్చిన రోగులు కొలదిమందియే. పురుగు కుట్టిన జ్ఞాపకముగల రోగులును తక్కువ. కావున "మచ్చలు లేవు, పురుగు కుట్టలేదు, టైఫస్ కాదు" అనుట తగదు.

స్థానికముగా కలుగు ఇతర జ్వరములకును దీనికిని గల భేదములు ఇవి. డెంగ్యూయందువలె ఇందును రక్తమున ప్లేట్‌లెట్లు తగ్గును. కాని టైఫస్ జ్వరము వారము దాటియు నిలుచును, తగిన మందునకు త్వరగా లొంగును. మలేరియా రక్తపరీక్షలో తేలును. పరీక్ష రెండుమాఱులు లేదని వచ్చినచో వేఱు కారణము వెదకవలెను. టైఫాయిడ్ అని విడాల్ పరీక్షనుబట్టి మాత్రమే నిర్ణయించిన కేసులలో పొరపాటు హెచ్చు. దానికిచ్చు సెఫ్‌ట్రయాక్సోన్ సూదులు టైఫస్‌నకు పనిచేయవు. ఎలుకమూత్రముతో కలిసిన నీటివలన వచ్చు లెప్టోస్పైరా జ్వరమున కన్నులు ఎఱ్ఱబాఱుట, పిక్కలనొప్పి విశేషము. స్క్రబ్ టైఫస్‌నందు కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కనబడవచ్చును. ఎలుకఫ్లీ టైఫస్‌నందు అట్టి పక్కు ఉండదు.

చాలమంది కోలుకొందురు. కాని వృద్ధులయందును, చికిత్స ఆలస్యమైన వారియందును ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడుపొరలు చెడవచ్చును. జి-6-పి-డి లోపముగలవారికి ఈ వ్యాధి తీవ్రమగును. సల్ఫా మందులు రికెట్సియా వ్యాధులను హెచ్చించునవి గనుక వానిని ఇయ్యరాదు.

9. పరీక్ష, చికిత్స

1916లో కనుగొనబడిన వైల్-ఫెలిక్స్ పరీక్ష నేటికిని చిన్న ఆసుపత్రులలో వాడుకలో నున్నది. అందు ఓ.ఎక్స్.19 అను ద్రవముతో రక్తము గడ్డకట్టినట్లగుట ఈ వ్యాధికిని, ఓ.ఎక్స్.కె. తో అట్లగుట స్క్రబ్ టైఫస్‌నకును సూచన. కాని ఈ పరీక్ష లేదనినంతమాత్రమున వ్యాధి లేదని చెప్పరాదు. ఎలైజా పరీక్ష దానికంటె నమ్మదగినది. ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్ష ప్రమాణమైనది. మొదట ఒకమాఱును, సుమారు 2 వారములకు మఱియొకమాఱును తీసిన రక్తములను పోల్చి, నాలుగురెట్లు హెచ్చినదేమో చూడవలెను. మొదటివారమున ఏ రక్తపరీక్షయందును ప్రతివస్తువులు కనబడకపోవచ్చును.

పరీక్షాఫలము తరువాత వచ్చును. రోగి మాత్రము నేడే యున్నాడు. కావున అనుమానము కలిగిన వెంటనే, ఫలమునకై వేచియుండక, వైద్యుడు చికిత్స నారంభింపవలెనని భారత వైద్యపరిశోధన మండలివారు 2015లో ప్రకటించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. డాక్సీసైక్లిన్ అను మందు ముఖ్యము. వయోజనులకు 100 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు రెండుమాఱులు 7 దినములు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇయ్యవచ్చునని ఆ మార్గదర్శకములందున్నది. ఐనను లావోస్ దేశమున జరిగిన చికిత్సాపరీక్షయందు ఈ జాతి టైఫస్‌నకు అజిత్రోమైసిన్ డాక్సీసైక్లిన్‌కంటె తక్కువ గుణమిచ్చినదని 2019లో ప్రకటింపబడినది. కావున ఇతరులకు డాక్సీసైక్లినే తగును. మందు పడిన పిదప సామాన్యముగా 2, 3 దినములలో జ్వరము దిగును. మందు నిర్ణయించుట వైద్యుని పని; ఆ మందు ప్రతి ఆరోగ్యకేంద్రమునను నిలువయుండునట్లు చూచుట అధికారి పని.

10. అధికారులు చేయవలసిన కార్యములు

(1) జ్వరముల రిజిస్టరునందు ఇంటి చిరునామా ప్రక్కన, గడచిన 2 వారములలో రోగి పనిచేసిన చోటు, పని స్వభావము, షిఫ్టు వేళ అను మూడు కాలములను గీయవలెను. విద్యార్థియైనచో హాస్టలును, గృహిణియైనచో ఇంటిలో ధాన్యము నిలువయుంచు చోటును వ్రాయవలెను.

(2) 5 దినములు దాటిన జ్వరములను, మలేరియా, డెంగ్యూ పరీక్షలు లేదని తేలినవానిని ప్రత్యేకించి, వారమున కొకమాఱు పటముమీద చుక్కలు పెట్టవలెను. ఇంటిచుక్క నొక రంగునను, పనిచోటి చుక్క మఱియొక రంగునను ఉండవలెను. ఒక్క గోదామునందో, క్యాంటీనునందో 2, 3 చుక్కలు కూడినచో జిల్లా ఆరోగ్యాధికారికి ఆ దినమే తెలుపవలెను. 2004లో ఆరంభమైన సమగ్రరోగ పర్యవేక్షణ పద్ధతియందు ఈ వర్తమానము పంపు మార్గము గలదు.

(3) ముందు పురుగు, తరువాత ఎలుక. ఈ క్రమమును ఎన్నడును తప్పరాదు. ఎలుకను ముందు చంపినచో చల్లబడిన దాని యొడలిని విడిచి ఆకలిగొన్న ఫ్లీలు దగ్గఱనున్న మనుష్యునిమీదికి గంతువేయును. కావున మొదట కలుగుల నోళ్లయందును, ఎలుకలు నడచు గోడవారలందును పురుగుమందు పొడిని చల్లవలెను. పురుగు తగ్గినదని చూచిన పిదపనే బోనులు, విషపుటెఱలు వాడవలెను. మనదేశమున పలుచోట్ల ఎలుకఫ్లీలకు డి.డి.టి. పట్టనేపట్టదు, కావున ఏ మందు పనిచేయునో కీటకశాస్త్రజ్ఞుల నడిగి వాడవలెను.

(4) పురుగుల కొలతకు, బ్రదికియున్న ఎలుకలను పట్టి, వానిమీది ఫ్లీలను లెక్కించి, ఎలుకకు సగటున ఎన్ని కియోపిస్ ఫ్లీలున్నవో చూతురు. ప్లేగు పనియందు ఈ సగటు 1 దాటినచో అపాయస్థితి యని యెంచుట పరిపాటి. టైఫస్ అనుమానము గలచోటను ఈ లెక్క పనికివచ్చును. ఎలుకలను ఉత్తచేతులతో ముట్టరాదు.

(5) చంపుట కంటె ఆహారము లేకుండ చేయుట మేలు. విషముచేత తగ్గిన ఎలుకలు తిండి దొరకినచో కొలదిమాసములలోనే మరల పూర్వసంఖ్యకు వచ్చును. అంగడివీధుల చెత్తను రాత్రివేళ నిలువయుంచరాదు; ఎలుకలు తిరుగునది రాత్రియే. సంచులను నేలమీద గాక, గోడకు ఎడముగా చెక్కబల్లలమీద పేర్చవలెను. తలుపుల అడుగున రేకులు కొట్టించవలెను. గోడరంధ్రములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్పించవలెను.

(6) మూసిన గోదామును తెఱచినపుడు కొంతసేపు గాలి పాఱనిచ్చి, నేలను తడిపి, పిదప ఊడ్పించవలెను. హమాలీలకును, పారిశుద్ధ్య పనివారికిని ముఖమునకు గుడ్డయు, చేతులకు తొడుగులును, స్నానమునకు నీరును ఏర్పఱుపవలెను. ఇది దయ కాదు, విధి.

(7) కర్మాగారపు నగరసేవా విభాగము, కార్పొరేషనులు, తహసీలు, రైల్వే వీరెల్లరును ఒక్క వారముననే పని మొదలుపెట్టునట్లు కలెక్టరుగారి సమక్షమున తేదీ నిర్ణయించుకొనవలెను. వేర్వేఱు మాసములలో చేసిన పని, ఎలుకలను ఒకరి వాకిటనుండి మఱియొకరి వాకిటికి తోలుటయే యగును.

(8) వాడలయందు ప్రకటనములు హిందీ, ఛత్తీస్‌గఢీలతోపాటు తెలుగు మొదలగు కార్మికుల భాషలయందును ఉండవలెను. అందు టైఫస్, టైఫాయిడ్ అను మాటలు రెండును కలియకుండునట్లు, "ఎలుకపురుగు జ్వరము" అని తేటగా వ్రాయుట మంచిది.

11. ముగింపు

ఈ జ్వరమునకు మందు గలదు, నివారణమార్గము తెలిసినది, మోయు పురుగు ఏదో, దాచు జంతువు ఏదో సందేహము లేదు. కొఱతపడినది గుర్తింపు ఒక్కటే. ఆసుపత్రి చీటీమీద "కారణము తెలియని జ్వరము" అని వ్రాయబడిన మనుష్యుడు ఎచ్చట మూటలు మోసెనో, ఏ వంటయింటిలో రాత్రి గడపెనో వైద్యునికి తెలియకపోవచ్చును. ఆ సంగతి వార్డు గుమాస్తాకు తెలియును, పట్వారీకి తెలియును, మేస్త్రీకి తెలియును. ఆ సంగతిని రిజిస్టరునందు ఎక్కించి వైద్యునికి చేర్చుటకే ఈ పాఠము. మొదట చేయదగిన పని నేటి రిజిస్టరునందు "పనిచేయు చోటు" అను కాలము నొకదానిని గీయుట. దానికి ఖర్చు లేదు, ఉత్తరువు కొఱకు వేచియుండ పనియు లేదు.